63 కార్వెట్ వెనక అద్దం మధ్యలో ఆ పట్టె ఎందుకు? దానికి అంత ధరేంటి?

నట్టుబోల్టు
మొన్న శనివారం ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్‌కి మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఏటా ఆగస్టు మూడో శనివారం జరిగేదే. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న పాత కార్లన్నీ రోడ్డెక్కుతాయి. మనం పక్కన మడత కుర్చీలు వేసుకుని, పులిహోర డబ్బా విప్పుకుని చూస్తూ కూర్చోవడమే.

అక్కడ ఒక పార్కింగులో 1963 షెవర్లే కార్వెట్ స్టింగ్ రే కూపే, అంటే గట్టి పైకప్పున్న రెండు తలుపుల రకం, ఆగి ఉంది. సిల్వర్ బ్లూ రంగు. నేను నోరెళ్లబెట్టుకుని చూస్తుంటే మా తొమ్మిదేళ్లది వెనక్కి వెళ్లి "నాన్నా, అద్దం పగిలితే మధ్యలో అతికించారా?" అంది. ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన. ఏమందో నన్నడిగి తెలుసుకుని, పగలబడి నవ్వి, "ఆ అతుకే దీని ఖరీదు" అన్నాడు. 64లో ఇదే కారు ఒకటే అద్దంతో వచ్చిందట, దానికి ఇంత ధర పలకదట.

నేను పన్నెండేళ్లుగా కారు సీటు బ్రాకెట్లు గీసుకుని బతుకుతున్నవాణ్ణి. వెనక ఏం వస్తోందో కనపడకుండా మధ్యలో పట్టె పెడితే మా దగ్గర మొదటి రివ్యూలోనే ఉతికి ఆరేస్తారు. దీన్ని ఎవరు ఒప్పుకున్నారు? ఏడాదికే తీసేసిన తప్పుకి అరవై ఏళ్ల తర్వాత ఈ పూజలేంటి?

స్టెప్నీ
తప్పు అచ్చయిన పోస్టల్ స్టాంపుకి ధర ఎక్కువ. ఇదీ అంతే. థ్రెడ్ మూసేయచ్చు.

గీతల_గోపి
మూయకండి. అది తప్పు కాదు, పట్టుబట్టి పెట్టింది.

నట్టుబోల్టు గారూ, ఈసారి ఆ కారు ముందు నిలబడి చూడండి. బానెట్ నడిమధ్యన ఒక గీటు లేస్తుంది. అదే గీటు పైకప్పు మీదుగా వెళ్లి, వెనక అద్దాన్ని రెండుగా చీల్చి, తోక దాకా పోతుంది. అది చేప వెన్ను. అద్దం దగ్గర వెన్ను విరిస్తే చేప చచ్చినట్టే.

పెట్టింది బిల్ మిచెల్. 1958 డిసెంబరులో హార్లీ ఎర్ల్ రిటైరయ్యాక, షెవర్లేకి మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్ డిజైన్ మొత్తానికి ఈయన పెద్ద. ఎర్ల్ కాలంలో కార్లు బూరెల్లా గుండ్రంగా ఉండేవి, పైన క్రోమ్ దండలు. మిచెల్‌కి అది గిట్టదు. ఆయనకి ఇస్త్రీ చేసిన ప్యాంటు మడతలా గీత పదునుగా కనపడాలి. 1930ల నాటి బుగాటీ అట్లాంటిక్ అనే ఫ్రెంచి కారుకి నెత్తి మీద రివెట్లు కొట్టిన వెన్ను ఉంటుంది. ఆ మోజు ఈయన బుర్రలో ఉండిపోయింది. పైగా సముద్రంలో చేపల వేట పిచ్చి. స్టింగ్ రే అంటే టేకు చేప, మీకు తెలిసిందే. 1961లో చేయించిన ప్రదర్శన కారు పేరు మాకో షార్క్. పైన ముదురు నీలం, కిందకి వచ్చేసరికి తెల్లగా, అచ్చం సొరచేప ఒళ్లే.

స్టెప్నీ
ఆ సొరచేప కథ చెప్పరేం? ఆయన పట్టిన సొర ఆఫీసు గోడ మీద ఉండేదట. కారుకి ఆ రంగు ఎన్నిసార్లు వేసినా "కలవలేదు" అంటుంటే, పెయింటర్లు రాత్రికి రాత్రి సొరని దించి, దానికే కారు రంగు కొట్టి మళ్లీ తగిలించారట. పొద్దున చూసి "ఇప్పుడు కుదిరింది" అన్నాడట.

చక్రపొంగలి
నిజమో కాదో గానీ, ప్రతి ఆఫీసులోనూ ఆ సొరచేప ఒకటి ఉంటుంది.

గోపీ, వెన్ను సంగతి బాగుంది. కానీ ఆ కారు కింద పని చేసినవాడి పేరు ఒక్కసారీ ఎత్తలేదు మీరు. జోరా ఆర్కస్ డంటోవ్. 1953 జనవరిలో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో మొట్టమొదటి కార్వెట్‌ని ప్రదర్శనకి పెట్టినప్పుడు చూసి మనసు పారేసుకున్నాడు. చూడటానికి అంత బాగున్న కారు లోపల ఏముంది? ఇన్‌లైన్ 6 సిలిండర్ల ఇంజను, 150 హార్స్‌పవర్, రెండే గేర్ల ఆటోమేటిక్. పట్టుచీర కట్టుకుని హవాయి చెప్పులేసుకున్నట్టు. ఆయన షెవర్లేకి ఉత్తరం రాసి, అదే ఏడాది ఉద్యోగంలో చేరాడు. బ్రస్సెల్స్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, బెర్లిన్‌లో చదివి, యుద్ధం తరుముకొస్తే అమెరికా చేరిన మనిషి. వీసా కష్టాలు మనకే అనుకోకండి.

63 కారుకి ఆయన ఇచ్చింది వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్. అంతకు ముందు వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్‌కి ఉండేవి, ఒకటి గుంతలో పడితే రెండోదీ ఎగిరేది. ఈయన మధ్యలో డిఫరెన్షియల్‌ని (ఇంజను శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఫ్రేముకి బిగించి, కింద అడ్డంగా ఒకటే లీఫ్ స్ప్రింగ్ వేశాడు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 102 అంగుళాల నుంచి 98కి తగ్గింది. ఇది అసలు పని. అద్దంలో పట్టె కాదు.

ఆ పట్టె వద్దని మొత్తుకున్నవాడు కూడా ఈయనే. వెనక కనపడక డ్రైవరు చస్తాడన్నాడు. అది తీసేస్తే మొత్తం కారే మానుకోండన్నట్టు మిచెల్ మాట్లాడాడని చెబుతారు. 63కి మిచెల్ గెలిచాడు. 64కి పట్టె పోయింది, అంటే డంటోవ్ గెలిచాడు.

గీతల_గోపి
64 తర్వాత కారు బాగా నడిచింది, ఒప్పుకుంటాను. కానీ పొంగలి గారూ, ఇప్పుడు అందరూ అడిగేది ఏ కారుని?

చక్రపొంగలి
అడిగేవాళ్లలో రోజూ నడిపేవాళ్లు ఎందరు? గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టేవాడికి వెనక అద్దం ఎందుకు?

లాంబ్రెటా_తాత
నేను నడిపాను. 1990ల్లో సెయింట్ లూయిస్‌లో ఉండగా మా పై అధికారి దగ్గర ఒకటి ఉండేది. 54 నుంచి కార్వెట్లు తయారైన ఊరు అదే, ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్లు ఊళ్లో చాలామంది ఉండేవారు. ఓ ఆదివారం తాళాలు నా చేతిలో పెట్టాడు. భయం, ఆనందం కలిసి చెమట్లు.

మిర్రర్లో చూస్తే కుడి రోడ్డు కనిపిస్తుంది, ఎడమ రోడ్డు కనిపిస్తుంది, సరిగ్గా మీ వెనకే వస్తున్నది మాత్రం కనపడదు. బైకు అయితే పూర్తిగా మాయం. పోలీసు కారు అయితే రెండు వైపులా రెండు ఫెండర్లు, మధ్యలో పట్టె. లైటు వేస్తే గానీ పోలీసని తెలియదు. పార్కింగులో వెనక్కి తీయడానికి మా ఆవిడ దిగి చేతులూపాల్సి వచ్చింది.

కానీ బాబూ, దిగాక వెనక్కి తిరిగి చూడకుండా పదడుగులు వేయలేకపోయాను. గోపి చెప్పిందీ నిజమే, పొంగలి చెప్పిందీ నిజమే. ఇద్దరూ టీ తాగండి.

గుంటూరు_ఘాటు
తాతగారూ, డిక్కీలో సామాను పెట్టారా?

లాంబ్రెటా_తాత
డిక్కీ ఉంటే కదా! దానికి బయటకి తెరుచుకునే డిక్కీ మూతే లేదు. సీటు ముందుకి వంచి, వెనక చీకటి గుహలోకి పెట్టె తోయాలి. మా ఆవిడ పర్సు అందులోకి జారి, తీసేసరికి నా నడుం పట్టేసింది.

నట్టుబోల్టు
అంటే వెనక కనపడదు, డిక్కీ లేదు. ఇంకేం లేవో కూడా చెప్పేయండి.

ఫైబర్_బాబాయ్
ఇనుము లేదు. ఒంటికి మాత్రమే లెండి, కింద ఫ్రేము ఉక్కుదే.

నేను విశాఖలో ఫైబర్ బోట్లు చేస్తాను, కార్లు నా లైను కాదు. కానీ కార్వెట్ ఒళ్లంతా మా సరుకే కాబట్టి దాని గురించి కనిపించిందల్లా చదువుతాను. 53లో మొదటి 300 కార్లు మిషిగన్‌లోని ఫ్లింట్‌లో చేశారు, అన్నీ తెలుపే, లోపల ఎరుపు. రేకు బాడీ కొట్టాలంటే భారీ డైలు (రేకుని వత్తే ఉక్కు అచ్చులు) కావాలి, వాటికి కాలం, డబ్బు. ఫైబర్‌గ్లాస్ అయితే తొందరగా బయటికి తేవచ్చు. తర్వాత రేకుకి మారదామనుకున్నారు గానీ మారలేదు. తిప్పలు కూడా ఫైబర్‌వే. రేకు బాడీ అయితే ఇంజను స్పార్కు గోలని తనే అడ్డుకుంటుంది. ఫైబర్‌కి ఆ గుణం లేదు, రేడియోలో గరగర. అందుకే ఇగ్నిషన్‌కి విడిగా ఉక్కు కవచం తొడిగారు.

మేం బోటుకి మ్యాట్ పరిచి, బ్రష్‌తో రెసిన్ పూసి, రోలర్‌తో బుడగలు తీస్తాం. ఒక వైపే నునుపు, రెండో వైపు గరుకు. 63 నాటికి వాళ్లు రెండు లోహపు అచ్చుల మధ్య పెట్టి వత్తేవారు, రెండు వైపులా నునుపు. ఆ పలకల్ని లోపలి నుంచి బాండింగ్ స్ట్రిప్‌లతో అతుకుతారు. కాబట్టి పాత కార్వెట్ కొనేవాడు పైన రంగు చూడకూడదు, చక్రం సందులో చెయ్యి పెట్టి లోపల తడమాలి. గరుకు తగిలితే ఎక్కడో గుద్దించి, చేత్తో అతికించారన్న మాట.

ఓహియో_ఓబులేసు
బాబాయ్, ఈ పోస్టు నాలుగేళ్ల ముందు పెట్టి ఉంటే నా ఇల్లు నిలబడేది.

స్టెప్నీ
విప్పండి విప్పండి.

ఓహియో_ఓబులేసు
ఒక డీలరు దగ్గర స్ప్లిట్ విండో కూపే, అదే ఈ పట్టె కారు, చూశాను. ఎరుపు. "ఒరిజినల్, ఒక్క స్క్రూ కూడా మార్చలేదు" అన్నాడు. నేను కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ దాని ధర నోటితో అనదు, "నీ రెండో పెళ్లి" అంటుంది.

ఆరు నెలలకి పట్టె మొదట్లో రంగు కింద వెంట్రుకంత పగులు లేచింది. పాత కార్వెట్లు బాగుచేసే ఒకాయనకి చూపిస్తే, అద్దం లోపల చెయ్యి పెట్టి తడిమి నన్ను జాలిగా చూశాడు. ఆ పట్టె కారుతో పుట్టింది కాదు. ఎవరో 60ల్లో కోసి పారేసి 64 అద్దం బిగించుకున్నారు, మళ్లీ ఎవరో కొత్త పట్టె చేసి అతికించారు.

నట్టుబోల్టు
కోసేశారా? ఓనర్లే?

ఓహియో_ఓబులేసు
ఓనర్లే. 64 కారు వచ్చాక 63 వాళ్లకి తమది పాతదైపోయిందనిపించింది. వెనక కనపడదు కూడా. రంపంతో కోసి, కొత్త మోడల్ అద్దం పెట్టించుకున్నారు. అప్పుడదేం పురావస్తువు కాదు, సెకండ్ హ్యాండ్ కారు. మన వాళ్లు తాతల నాటి టేకు మంచం అమ్మి ఇనప మంచం తెచ్చుకోలేదూ?

ఇంకో రకం మోసం కూడా ఉంది. 64 కూపేకి పట్టె పెట్టి 63 అని అమ్మేవాళ్లు. దాన్ని పట్టుకోవడం తేలిక. గ్లవ్ బాక్సు కింద అడ్డ బద్దకి రివెట్ చేసిన నంబరు ప్లేటు ఉంటుంది. 63 కూపే అయితే 30837తో మొదలవుతుంది, 64 కూపే 40837. బానెట్ కూడా చూడాలి. 63కి రెండు గుంటల్లో జాలీలు ఉంటాయి, ఉత్తుత్తి జాలీలే, గాలి లోపలికి పోదు. 64కి గుంటలుంటాయి, జాలీలుండవు.

నాది నంబరు 63దే. అందుకే లబోదిబోమనలేక, గర్వంగా చెప్పుకోనూ లేక మధ్యలో వేలాడుతున్నా. అతుకు పట్టె కారు.

గీతల_గోపి
ఓబులేసు గారూ, దాన్ని అలాగే ఉంచండి. కోసిన మచ్చ కూడా ఆ కారు చరిత్రే.

ఓహియో_ఓబులేసు
ఆ ముక్క మా ఆవిడకి మీరే ఫోన్ చేసి చెప్పండి గోపీ.

గుంటూరు_ఘాటు
నాదో చిన్న చిరాకు. ఇక్కడ అందరూ మిచెల్ పెట్టాడు, మిచెల్ గీశాడు అంటున్నారు. మిచెల్ పెన్సిలు పట్టి గీశాడా? 1957లో క్యూ కార్వెట్ అని ఒక ప్రాజెక్టు, దానికి మెచ్చిన బొమ్మ గీసింది పీట్ బ్రాక్ అనే కుర్రాడు, ఇరవై ఏళ్లు అటూ ఇటూ. దాన్నుంచి 1959లో స్టింగ్‌రే రేసు కారు పుట్టింది. దాన్ని, తర్వాత 63 కారుని తీర్చిదిద్దింది ల్యారీ షినోడా. జపాను మూలాలున్న అమెరికన్. యుద్ధకాలంలో చిన్నప్పుడు కుటుంబంతో సహా మాంజనార్ క్యాంపులో నిర్బంధంలో గడిపాడు. అలాంటి మనిషి అమెరికా గర్వంగా చెప్పుకునే కారుకి రూపం ఇచ్చాడు. ఈ రెండు పేర్లు పెద్దక్షరాల్లో ఉండాలి.

గీతల_గోపి
ఘాటు గారూ, ఒప్పుకున్నా. కానీ 57లో రేసులు మానేద్దామని కార్ల కంపెనీల సంఘం తీర్మానించాక, పాత రేసు కారు చాసీని సొంతానికి తీసుకుని, దాని మీద ఈ స్టింగ్‌రే ఒళ్లు కట్టించి, షెవర్లే పేరు లేకుండా సొంత ఖర్చుతో పరిగెత్తించింది మిచెల్. అది 1960లో తన క్లాసులో ఛాంపియన్ అయింది. పెన్సిలు పట్టకపోయినా జేబు పట్టాడు.

చక్రపొంగలి
బ్రాక్ గురించి మంచి మలుపు ఒకటుంది. అతను జనరల్ మోటార్స్ వదిలి, రేసు కార్లు కట్టే కరోల్ షెల్బీ దగ్గర చేరాడు. 1962 అక్టోబరులో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద కొత్త స్టింగ్ రేలు మొదటిసారి రేసుకి దిగితే, షెల్బీ కోబ్రా కూడా మొదటిసారి అక్కడే దిగింది. కోబ్రా విరిగి ఆగింది, కార్వెట్ గెలిచింది. ఆ తర్వాత వరస మారిపోయింది. కోబ్రా చాలా తేలిక, కార్వెట్ దాని పక్కన పెళ్లి భోజనం చేసి వచ్చినట్టు. కోబ్రాకి డేటోనా కూపే ఒళ్లు గీసింది ఎవరనుకున్నారు? బ్రాకే. షినోడా కూడా తర్వాత ఫోర్డ్‌కి వెళ్లి మస్టాంగ్ బాస్ 302 మీద పనిచేశాడు.

స్టెప్నీ
కంపెనీ మారితే హైక్ వస్తుందని వాళ్లకీ తెలుసన్నమాట.

కెంటకీ_కనకం
మా ఊరి నుంచి బౌలింగ్ గ్రీన్ గంటన్నర. 1981 నుంచి కార్వెట్లు తయారయ్యేది అక్కడే, ఫ్యాక్టరీకి దగ్గర్లోనే మ్యూజియం. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదట గుహలు, తర్వాత మ్యూజియం, ఇదే నా టూరు ప్యాకేజీ.

2014 ఫిబ్రవరి 12న తెల్లవారకముందే ఆ మ్యూజియం గదిలో నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గోతిలో పడ్డాయి. ఎవరూ లేని వేళ కాబట్టి ప్రాణం పోలేదు. మూడింటిని బాగుచేశారు, పదిలక్షలవ కార్వెట్, ఒక నల్ల 1962 కారు వాటిలో ఉన్నాయి. మిగతా ఐదింటినీ నలిగిన అప్పడాల్లా అలాగే ఉంచారు. మా అత్తగారికి కార్లంటే ఏ ఆసక్తీ లేదు, కానీ ఆ నలిగిన వాటి ముందు అరగంట నిలబడి "పాపం ఎవరి కారో" అంటూనే ఉన్నారు.

డంటోవ్ అస్థికలు కూడా అక్కడే ఉంచారు.

చక్రపొంగలి
ఆయన కోరిక తీరకుండానే పోయాడు. ఇంజను డ్రైవరు వెనక ఉండాలని 1960 నుంచి ఒకదాని తర్వాత ఒకటి నమూనాలు కట్టి చూపించాడు, ప్రతిసారీ పైవాళ్లు "ఇది బాగానే అమ్ముడవుతోందిగా" అని పక్కన పెట్టారు. 1996లో పోయాడు. ఇంజను మధ్యకి జరిగిన కార్వెట్ 2020 మోడల్‌గా వచ్చింది.

నట్టుబోల్టు
అయితే 63లో ఎన్ని చేశారు? ఆ పట్టె కార్లు అరుదా అసలు?

ఓహియో_ఓబులేసు
కూపేలు 10,594. కన్వర్టిబుల్‌లు 10,919. అరుదేం కాదు. నిజంగా అరుదైనవి జెడ్06 ప్యాకేజీ కార్లు, 199. రేసు కోసం పెద్ద బ్రేకులు, గట్టి సస్పెన్షన్, కొన్నిటికి 36 గ్యాలన్లు దాటిన పెట్రోలు ట్యాంకు. వాటిలో ఒకటి నాకు దొరికితే మా ఆవిడ "మూడో పెళ్లి" అంటుంది.

ఫైబర్_బాబాయ్
పదివేల పైన చేసిన దానికి అంత ధర అంటే స్టెప్నీ గారి స్టాంపు లెక్క చెల్లదు. అరుదు కాబట్టి కాదు, బాగుంది కాబట్టే.

స్టెప్నీ
నా స్టాంపు వెనక్కి తీసుకుంటున్నా.

నట్టుబోల్టు
మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. ఆదివారం పొద్దున కాఫీ కొట్టు దగ్గర పాత కార్ల వాళ్లు కలుస్తుంటే, అదే పెద్దాయన కనిపించాడు. మా అమ్మాయిని గుర్తుపట్టి "అద్దం అతికించారా అన్నది నువ్వే కదా, మళ్లీ చూడటానికి వచ్చావా?" అన్నాడు. డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. హెడ్‌లైట్లు గిర్రున తిరిగి బయటికి వచ్చేది చూపించాడు. ఒక్కో లైటుకి ఒక్కో మోటారు, ఒకటి కాస్త బద్ధకంగా తిరుగుతుంది, కన్ను కొట్టినట్టుంటుంది.

నేను బాబాయ్ మాట గుర్తొచ్చి, అడిగి మరీ చక్రం సందులో తడిమాను. నునుపు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది, "ఎవరు నేర్పారు?" అన్నాడు. విశాఖలో బోట్లు చేసే ఆయన అంటే నమ్మలేదు.

తర్వాత ఫొటో తీద్దామని వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మా పిల్ల మిర్రర్లోకి చూస్తూ లోపల నుంచి అరుస్తోంది: "నాన్నా, ఎక్కడున్నావ్? కనపడట్లేదు!"

చక్రపొంగలి
డంటోవ్‌కి ఒక పాయింటు.

గీతల_గోపి
ఫొటో తీశారా లేదా?

నట్టుబోల్టు
తీశాను. పన్నెండు. పన్నెండూ వెనక నుంచే.

గీతల_గోపి
🙂

కొత్తసభ్యుడు_88
ఈ పట్టె 63 కన్వర్టిబుల్‌కి కూడా ఉంటుందా? అది కొందామని చూస్తున్నా.

స్టెప్నీ
దానికి పైకప్పే గుడ్డది సార్. పట్టె ఎక్కడ కుడతారు?